ఇంగ్లీషు ఎమ్మే చేస్తే ఇంగ్లీషు వస్తుందా? తెలుగు మీడియం అమ్మాయికి ఒక లెక్చరర్ జవాబు

నీ ప్రశ్న చదివి నవ్వుకున్నానమ్మా, తప్పుగా అనుకోకు. ముప్పయ్యేళ్ల కిందట సరిగ్గా ఇదే ప్రశ్న పట్టుకుని ఖమ్మంలో హైదరాబాద్ బస్సెక్కినవాణ్ణి నేను. నువ్వు రాసినదాని సారం ఇదీ: నల్లగొండ జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, తెలుగు మీడియం బీఏ, హిస్టరీ ఎకనామిక్స్ పొలిటికల్ సైన్సు, ఆఖరి సంవత్సరం. ఇంగ్లీషంటే ఇష్టం, మాట్లాడబోతే నోరు పెగలదు. ఎమ్మే ఇంగ్లీషు చేస్తే ఇంగ్లీషు వస్తుందా, కాన్వెంటు పిల్లల మధ్య తట్టుకోగలనా, చివరికి ఉద్యోగం దొరుకుతుందా అని అడిగావు. నాన్నేమో ఇవన్నీ ఎందుకు, బీఈడీ చేసెయ్యమంటున్నాడు.

నేను డిగ్రీ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా ఇంగ్లీషు చెబుతున్నాను. నా క్లాసులో కూర్చునే పిల్లల వయసే నీది కాబట్టి చనువుగా నువ్వు అంటున్నాను.

మొదటి ప్రశ్నకు జవాబు: రాదు. బోటనీ చదివినవాడికి చెట్టెక్కడం వస్తుందని ఎవరూ అనుకోరు. ఇంగ్లీషు ఎమ్మే అనగానే మాత్రం గలగలా మాట్లాడటం వచ్చేస్తుందని ఊరంతా అనుకుంటుంది. మాట్లాడటం ఒక్కటే కావాలంటే దానికి రెండేళ్లు, నాలుగు సెమిస్టర్లు, ఇరవై దాకా పేపర్లు అక్కర్లేదు. అమీర్‌పేటలో మెట్టుకో కోచింగ్ ఉంది, ఫోన్లో ఊరికే నేర్పేవాళ్లు అంతకంటే ఎక్కువ మంది ఉన్నారు. ఎమ్మేలో భాష నేర్పరు. నీకు భాష వచ్చనే అనుకుని, దాన్ని ఎదురుగా బల్ల మీద పెట్టి విప్పి చూపిస్తారు. ఇది ముందే తెలియక చేరినవాళ్లు మొదటి సెమిస్టర్‌లోనే ముఖం వేలాడేస్తారు.

విప్పి చూడటమంటే ఏమిటో చెబుతాను, అప్పుడు నీకిది సరిపడుతుందో లేదో నువ్వే తేల్చుకోవచ్చు.

మనం బస్, కప్, పెన్ అనే మాటల్ని తెచ్చుకుని బస్సు, కప్పు, పెన్ను చేసుకున్నాం. తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కాబట్టి చివర ఉకారం చేర్చాం, అది చిన్నప్పటి నుంచి వింటున్న సంగతే. మరి హల్లును ఎందుకు రెట్టించాం? కార్, పార్క్, కోట్, నోట్ అనేవాటిని కారు, పార్కు, కోటు, నోటు అన్నామే గానీ కార్రు, కోట్టు అనలేదు. ముందున్న అచ్చు పొట్టిదైతే హల్లు రెట్టిస్తున్నాం, పొడుగుదైతే వదిలేస్తున్నాం. సరే, ఇప్పుడు బ్యాగ్ తీసుకో. ఇంగ్లీషువాళ్ల లెక్కలో అందులోది పొట్టి అచ్చే. అయినా మనం బ్యాగ్గు అనం, బ్యాగు అంటాం. అలాగే బ్యాటు, మ్యాపు, క్యాపు. అంటే ఆ అచ్చు మన చెవికి పొడుగ్గా వినిపిస్తోందన్నమాట. ఎందుకంటే 'వచ్చాడు' అనేటప్పుడు మన నోట్లోంచి వచ్చే ఆ మధ్య అచ్చు తెలుగులో పొడుగ్గానే ఉంటుంది, దానికి పొట్టి రూపం లేదు. ఇంత లెక్క ఏ బడిలోనూ నేర్పకుండానే మీ నాయనమ్మ నోట్లో తప్పకుండా అమలవుతోంది. మరి కోటు, నోటు అన్నవాళ్లం రోడ్డును మాత్రం ఎందుకు రెట్టించాం? దీని మీద కాసేపు కూర్చుని ఆలోచించు. ఆ కూర్చోవడం నీకు సరదాగా అనిపిస్తే ఈ సబ్జెక్టు నీదే. విసుగనిపిస్తే ఇప్పుడే వేరే దారి చూసుకో, నష్టం లేదు.

ఇది భాషాశాస్త్రం వైపు ముచ్చట. ఎమ్మే ఇంగ్లీషులో ఇది ఒకటి రెండు పేపర్లే ఉంటుంది. మిగతాదంతా ఎక్కువగా సాహిత్యం: కవిత్వం, నాటకం, నవల, విమర్శ, భారతీయ ఇంగ్లీషు రచనలు, అమెరికన్, ఆఫ్రికన్ రచనలు, అనువాదాలు. తర్వాత ఇంగ్లీషును ఎలా బోధించాలి అనే పేపరు. యూనివర్సిటీని బట్టి పాళ్లు మారతాయి.

నాకు బాగా నచ్చే భాగం భాష చరిత్ర. మన పిల్లలు దాన్ని చూసి భయపడతారు, నిజానికి మనకే అది తొందరగా అందుతుంది. గుర్రమెక్కి తిరిగే వీరుణ్ణి 'నైట్' అంటారు కదా, దాని స్పెల్లింగు కె తో ఎందుకు మొదలవుతుంది? 14వ శతాబ్దంలో చాసర్ అనే కవి కాలానికి ఆ కె పలికేది. మధ్యలో ఉన్న జీహెచ్ కూడా గొంతులో గరగరమని పలికేది. 1476లో కాక్స్‌టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాడు. ముద్రణలో స్పెల్లింగులు ఒక్కొక్కటే గట్టిపడుతూ వచ్చాయి, నోట్లో పలుకుబడి మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. ఆ రెండు మూడు వందల ఏళ్లలోనే పొడుగు అచ్చులన్నీ చోట్లు మారిపోయాయి. చాసర్ నోట 'నేమ్' అనే మాట ఇంచుమించు 'నామ' అని వినిపించేది. అవును, మన నామమే. సంస్కృతం, ఇంగ్లీషు దూరపు చుట్టాలు కాబట్టి ఆ పోలిక ఉత్తిది కాదు. తెలుగు ఆ కుటుంబం కాదు, మన సొంత మాట పేరు. తెలుగు సంస్కృతంలోంచి పుట్టలేదని 1816లో మద్రాసులో కంపెనీ అధికారి ఎల్లిస్ దొర వాదించింది కూడా క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలోనే. ఈ సంగతి ఇంగ్లీషు క్లాసులో తెలుసుకున్న రోజు నాకు కొంచెం సిగ్గేసింది, తెలుగు వాచకంలో ఇది నాకెవరూ చెప్పలేదని.

ఇప్పుడు రెండో ప్రశ్న, తట్టుకోగలనా అని.

నా మొదటి సెమిస్టర్‌లో ఒక సెమినార్ ఇవ్వాల్సి వచ్చింది. రాత్రంతా బట్టీ పట్టి వెళ్లాను. 'ఎగ్జాంపుల్' అనాల్సిన చోటల్లా 'యెగ్జాంపుల్' అంటున్నానట, నాకు తెలియదు. ఐదారుసార్లయ్యాక ముందు బెంచీ కిసుక్కుమంది. ఎందుకు నవ్వారో అర్థం కాక నేను మరింత గట్టిగా అదే మాట అన్నాను. మా ప్రొఫెసర్ పెద్దాయన, నెమ్మదస్తుడు. నన్ను కూర్చోమనలేదు, నవ్వినవాళ్లను తిట్టలేదు. బోర్డు దగ్గరికి వెళ్లి ఎగ్ అని రాసి, పక్కన యెగ్గు అని రాసి, ఓల్డ్ కింద వోల్డు అని రాశారు. తెలుగులో మాట మొదట ఎ వస్తే ముందు యకారం, ఒ వస్తే ముందు వకారం ఎందుకు జారుతుందో చెప్పమని క్లాసును అడిగారు. కాన్వెంటు పిల్లలకు తెలియలేదు. నాకూ తెలియదనుకో, కానీ మా ఊళ్లో ఎవరెవరు ఎలా పలుకుతారో ఉదాహరణలు ఇవ్వగలిగింది ఆ గదిలో నేనొక్కణ్ణే. మిగిలిన అరగంట ఆయన నాతోనే మాట్లాడించారు. నా సెమినార్ ఏ అంశం మీదో ఇప్పుడు గుర్తు లేదు, ఆ బోర్డు గుర్తుంది.

అట్లాగని ఊరికే ధైర్యం చెప్పను. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు మొదటి ఏడాది నరకమే. నవల మొదలుపెడితే పేజీకి ఇరవై మాటలు తెలియవు. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని మొదటి నవల మొదటి అధ్యాయం చదవడానికి వారం పట్టింది, తీరా వారమయ్యాక కథ మర్చిపోయాను. ఒక సీనియర్ చెప్పిన చిట్కాతో బయటపడ్డాను: మొదటిసారి డిక్షనరీ ముట్టకుండా అధ్యాయం మొత్తం ఈదెయ్, అర్థమైనంతే అర్థమవుతుంది. రెండోసారి చదివేటప్పుడు, మళ్లీ మళ్లీ ఎదురై దారికి అడ్డుపడే మాటల్నే చూడు. మూడో నవలకొచ్చేసరికి ఊపిరాడింది. అప్పట్లో ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు కొనేవాణ్ణి, ఇప్పుడు నీకు ఆ బాధ కూడా లేదు, కాపీరైటు తీరిన పాత పుస్తకాలన్నీ ఫోన్లోనే ఉచితంగా దొరుకుతాయి.

ఇంగ్లీషు మీడియం పిల్లల సంగతి కూడా చెప్పాలి. వాళ్లు బాగా మాట్లాడతారు, నిజమే. కానీ ఎమ్మే పరీక్షలో మార్కులు పడేది మాటకు కాదు, చదివి పట్టుకున్నదానికి. వాళ్లలో సగం మంది అసలు పుస్తకం తెరవకుండా కోఠిలో దొరికే గైడ్లతోనే రెండేళ్లు నెట్టుకొస్తారు. ఇంగ్లీషు వచ్చు కదా అనే ధీమా. నువ్వు ఒళ్లు వంచి అసలు పుస్తకం చదివితే మూడో సెమిస్టర్‌కల్లా వాళ్లను దాటిపోతావు. ఇది ఏటా చూస్తున్నాను.

పైగా కొన్ని చోట్ల తెలుగు రావడమే మేలు చేస్తుంది. షేక్‌స్పియర్ కాలంలో ఇంగ్లీషుకు కూడా నువ్వు, మీరు రెండూ ఉండేవి: దౌ, యూ. తర్వాత దౌ పోయి అందరికీ యూ ఒక్కటే మిగిలింది. హామ్లెట్ నాటకం మూడో అంకంలో తల్లి కొడుకును గదికి పిలిపించి మందలిస్తుంది. నువ్వు మీ నాన్నను చాలా నొప్పించావు అంటుంది, దౌ వాడుతుంది. నాన్న అంటే ఆమె ఉద్దేశంలో కొత్త భర్త. కొడుకు అదే వాక్యాన్ని తిప్పి కొడతాడు, మా నాన్నను నొప్పించింది మీరు అని, యూ వాడతాడు. నాన్న అంటే వాడి లెక్కలో చచ్చిపోయినవాడు. కొడుకు తల్లిని యూ అనడం ఆ కాలానికి మర్యాదే, వింతేం కాదు. అసలు దెబ్బ ఆ తర్వాత ఉంది. తల్లి వెంటనే దౌ వదిలేసి తనూ యూ అనడం మొదలుపెడుతుంది. కొడుకును అప్పటిదాకా నువ్వు అన్న అమ్మ ఉన్నట్టుండి మీరు అంటే ఆ ఇంట్లో ఏం జరిగిందో నీకు నేను వివరించాలా? లండన్‌లో పిల్లలకు దీనికి ఫుట్‌నోట్ కావాలి. మా క్లాసులో చివరి బెంచీలో కూర్చునే కుర్రాడు, నెలకోసారి నోరు విప్పేవాడు, "సార్, ఆమెకు కోపమొచ్చింది" అన్నాడు.

చిన్న పక్కదారి. ఇంగ్లీషు సాహిత్యం మనది కాదు, ఇంగ్లండువాళ్ల సొత్తు అని చాలామంది జంకుతారు. ఇంగ్లీషును డిగ్రీ సబ్జెక్టుగా కేంబ్రిడ్జి విడిగా గుర్తించింది 1917లో. అంతకు చాలా దశాబ్దాల ముందే కలకత్తా కాలేజీల్లో మన పిల్లలు షేక్‌స్పియర్, మిల్టన్ చదివి పరీక్షలు రాస్తున్నారు. ఎందుకు చదివించారన్నది వేరే కథ, బ్రిటిష్ అధికారి మెకాలే మన చదువుల మీద 1835లో రాసినదాంట్లో ఆ ఉద్దేశం దాచుకోలేదు. ఏదైతేనేం, సబ్జెక్టుగా ఇది మన దగ్గర పాతదే. భారతీయులు ఇంగ్లీషులో రాసిన సాహిత్యాన్ని ఒక చోట చేర్చి చరిత్రగా రాసిన కె.ఆర్. శ్రీనివాస అయ్యంగార్ వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీ ఇంగ్లీషు ప్రొఫెసరే, తర్వాత అక్కడే వైస్ ఛాన్సలర్ అయ్యారు.

ఎక్కడ చదవాలి అన్నది మీ ఇంటి పరిస్థితిని బట్టి. ఉస్మానియా, కాకతీయ, మీ నల్లగొండలోని మహాత్మాగాంధీ యూనివర్సిటీ లాంటివాటికి సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. తార్నాకలో ఉస్మానియాను ఆనుకుని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలైంది, మా తరం ఇప్పటికీ పాత పేరుతో సీఫెల్ అనే అంటుంది. అక్కడ సాహిత్యం, భాషాశాస్త్రం, ఇంగ్లీషు బోధన వేర్వేరు దారులుగా చదవొచ్చు, లైబ్రరీ చాలా మంచిది. బస్సు లెక్క నీకు పైన సరదాగా అనిపించి ఉంటే భాషాశాస్త్రం ఎమ్మే వైపు కూడా ఒక చూపు వెయ్. ఉస్మానియాలో ఆ విభాగాన్ని 1962లో మొదలుపెట్టింది భద్రిరాజు కృష్ణమూర్తి గారు, తెలుగువాళ్లం గొప్పగా చెప్పుకునే పేరది. ఇల్లు కదల్లేకపోతే అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఇగ్నో ఉన్నాయి. కానీ నీ పరిస్థితిలో దూరవిద్య వద్దంటాను. నీకు క్లాసు కావాలి, నీ వ్యాసం చదివి ఎర్ర గీతలు పెట్టే మనిషి కావాలి.

ఉద్యోగాల దగ్గరికి వస్తే, మీ నాన్న చెప్పింది తప్పు కాదు. ఒక్క మెలిక మాత్రం ఆయనకు తెలిసి ఉండదు. నీ డిగ్రీలో ఇంగ్లీషు ఆప్షనల్‌గా లేదు, అందరికీ ఉండే జనరల్ ఇంగ్లీషే. ఇప్పుడు నేరుగా ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాసి బీఈడీలో చేరితే నీకు దొరికే మెథడాలజీ, అంటే బోధించడం నేర్చుకునే సబ్జెక్టు, సోషల్. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు డిగ్రీలో ఇంగ్లీషు ఆప్షనల్ గానీ, ఎమ్మే ఇంగ్లీషు గానీ ఉండి, బీఈడీలో ఇంగ్లీషు మెథడాలజీ ఉండాలి. అంటే నీకు ముందు ఎమ్మే, తర్వాత ఇంగ్లీషు మెథడాలజీతో బీఈడీ. ఈ వరస తిరగేసి చేసుకుని, నాలుగేళ్లయ్యాక నా దగ్గరికొచ్చి తల పట్టుకున్న పిల్లలున్నారు. నోటిఫికేషన్ వచ్చినప్పుడు అర్హతల పేజీ మాత్రం నీ కళ్లతో నువ్వు చదువు, కోచింగ్ వాడి మాట మీద పోవద్దు.

జూనియర్ లెక్చరర్‌కు బీఈడీ అక్కర్లేదు, ఎమ్మే మార్కులు చాలు, పోటీ పరీక్ష ఉంటుంది. డిగ్రీ కాలేజీకి, యూనివర్సిటీకి నెట్ (జాతీయ అర్హత పరీక్ష) గానీ సెట్ (రాష్ట్ర అర్హత పరీక్ష) గానీ కావాలి. నెట్ పరీక్ష మూడు గంటలు, 150 ప్రశ్నలు, 300 మార్కులు, తప్పు జవాబుకు మార్కు పోదు. నెట్‌తో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీ మొదట్లో నెలకు 37,000 ఇస్తారు, 2023 నుంచి అమల్లో ఉన్న లెక్క ఇది. మన దగ్గర రైతు కుటుంబాల నుంచి వచ్చిన పిల్లలు చాలామంది ఆ డబ్బుతోనే పీహెచ్‌డీ చేస్తూ ఇంటికి కూడా పంపారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన అంకె 55. ఎమ్మేలో కనీసం అన్ని శాతం ఉండాలి, ఎస్సీ, ఎస్టీ, బీసీ వగైరాలకు 50. 54.9ని 55గా లెక్కవేయరు. గైడ్లతో నెట్టుకొచ్చినవాళ్లు తగులుకునేది సరిగ్గా ఇక్కడే.

ప్రైవేటు సంగతి తీపిగా ఉండదు. ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ ఇంగ్లీషు, ఇంగ్లీషు ల్యాబ్ చెప్పడానికి తీసుకుంటారు, చాలాచోట్ల జీతం తక్కువ, పని ఎక్కువ. నేను సర్కారు ఉద్యోగానికి ముందు మూడేళ్లు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పనిచేశాను. ఏప్రిల్, మే నెలల జీతం ఇచ్చేవాళ్లు కారు, కానీ ఆ రెండు నెలలూ అడ్మిషన్ల కోసం ఊళ్లు తిప్పేవాళ్లు. కంటెంట్ రైటింగ్, సబ్‌టైటిల్స్, అనువాదం అంటూ ఇంటర్నెట్‌లో చాలా చెబుతారు. మామూలు కంటెంట్ రాసే పని ఇప్పుడు యంత్రమే చేసేస్తోంది, దాన్ని నమ్ముకుని ఎమ్మేలో చేరొద్దు. తెలుగు, ఇంగ్లీషు రెండూ లోతుగా తెలిసి, ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మనిషి మాట్లాడినట్టు తేగలిగినవాళ్లు మాత్రం ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. అందుకే ఎమ్మే చదివే రెండేళ్లూ తెలుగు కథలు చదవడం మానొద్దు.

మాట్లాడటం రాదన్నావు కదా, దానికి చేరేలోపు చేయగలిగిందొకటి చెబుతాను. వారానికొక తెలుగు కథలోంచి ఒకే ఒక్క పేరా తీసుకుని ఇంగ్లీషులోకి రాయి, గదిలో ఒంటరిగా పైకి చదువు, ఫోన్లో రికార్డు చేసి విను. మొదటి నెల నీ గొంతు నీకే రోతగా ఉంటుంది. నాదీ అంతే, మా హాస్టల్లో నేను దుప్పటి కప్పుకుని చదివేవాణ్ణి.

నాన్నతో గొడవ పెట్టుకోకు. స్కూల్ అసిస్టెంట్ ఇంగ్లీషు పోస్టుకు ఎమ్మే, ఆ తర్వాత బీఈడీ అనే వరస కాగితం మీద రాసి ఆయనకు చూపించు, ఎన్నేళ్లు పడుతుందో, ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో కూడా కనుక్కుని అందులోనే రాయి. చాలామంది నాన్నలకు కావాల్సింది ఆ కాగితమే. సీపీగెట్ దరఖాస్తు తెరుచుకున్నాక నీ డిగ్రీ మెమోలు ముందు పెట్టుకుని ఇక్కడే మళ్లీ రాయి, ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో చూద్దాం. రోడ్డు సంగతి కూడా తేలితే రాయి.